సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొంటున్నారా? ముందు అది ఏ మట్టిలో తిరిగిందో చూడండి

బేరానికి వచ్చిన ట్రాక్టర్ వెనక చక్రం లోపలి వైపు, ఇరుసు గొట్టం చక్రాన్ని కలిసే చోట, చూపుడు వేలితో గట్టిగా రుద్దండి. పొడి దుమ్ము అంటితే అక్కడి ఆయిల్ సీలు (నూనె కారకుండా ఆపే రింగు) బాగానే ఉన్నట్టు. నూనె కలిసిన నల్లటి జిడ్డు మట్టి అంటితే సీలు పోయినట్టు. అక్కడ నూనె బయటికి వస్తోందంటే, దమ్ములో, అంటే వరి నాటే ముందు నీళ్లు పెట్టిన మడిలో దిగినప్పుడు, అదే దారిలో నీళ్లు లోపలికి పోయి ఉండొచ్చు.

ఈ ఒక్క పని చేయక నేను నా మొదటి ట్రాక్టర్‌తో బాగా దెబ్బతిన్నాను. మిరుగం (మృగశిర కార్తె) దగ్గర పడుతోందన్న తొందరలో, మెరిసే రంగు చూసి, ఒక మధ్యవర్తి మాట నమ్మి కొన్నాను. వానాకాలం మొదటి దమ్ముకే పొలం నడుమ బ్రేకులు పట్టడం మానేశాయి. రెండో రోజు గేరు డబ్బాలోంచి గరగర శబ్దం. విప్పి చూస్తే లోపలి నూనె చాయ రంగులో ఉంది. అప్పటిదాకా ఆ బండి ఎన్ని గంటలు తిరిగింది, ఏ ఏడాదిది అనే అడిగాను. ఎక్కడ తిరిగిందో, ఏం పని చేసిందో అడగలేదు. అసలు అడగాల్సింది అదే. తర్వాత నా కోసం, చుట్టాల కోసం, ఊళ్లో వాళ్ల కోసం చాలా బండ్లు చూసి ఇచ్చాను. అలా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

బండి కంటే ముందు మీ భూమి

ముందు మీకు కావాల్సిన పని ఏమిటో కాగితం మీద రాసుకోండి. మన వరంగల్ చుట్టుపక్కల ఒకే రైతుకు చెరువు కింద రెండెకరాల వరి, పైన చెలకలో (ఎర్ర మెట్ట నేలలో) మూడెకరాల పత్తి, ఇంకోచోట రేగడిలో మిర్చి ఉండటం మామూలే. మూడింటికీ ఒకే బండి చక్కగా పనికిరాదు. ఏ పని ఎక్కువ ఉందో దానికి కొనండి, మిగతా దానికి కిరాయి పెట్టండి.

పత్తి, మిర్చి సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక తోలడం, మందు కొట్టడం మీ ముఖ్యమైన పని అయితే ఇరవై నాలుగు, ఇరవై ఐదు హార్స్ పవర్ మినీ ట్రాక్టర్ చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ దొరికితే ఇంకా మంచిది. చూడటానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. మీ సాలుకు సాలుకు మధ్య దూరం ముందే కొలిచి పెట్టుకుని, టైరు బయటి అంచు నుంచి అవతలి టైరు బయటి అంచు దాకా కొలవండి. ఆ కొలత మీ సాలు కంటే కనీసం జానెడు తక్కువ లేకపోతే మొక్కలు విరుగుతాయి. అమ్మేవాళ్లు 'పత్తికి పనికొస్తుంది' అంటారు, వాళ్ల సాళ్లు ఎంత దూరమో మనకు తెలియదు.

ఐదడుగుల రోటవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) తిప్పాలంటే ముప్పై ఐదు, నలభై హార్స్ పవర్ ఉండాలి. ఆరడుగులదైతే నలభై ఐదుకు తగ్గొద్దు. తడి రేగడిలో దుక్కికి ఇంకొంచెం బలం మిగిలి ఉండాలి. చిన్న బండితో పెద్ద రోటవేటర్ లాగిస్తే రెండు సీజన్లలో క్లచ్చు, పీటీవో (పనిముట్టును తిప్పే వెనక షాఫ్టు) రెండూ పోతాయి.

ఈమధ్య కొంతమంది కుర్రాళ్లు యూట్యూబ్‌లో చూసి నాలుగు చక్రాల ఏటీవీ బండి పొలానికి ఎట్లుంటుందని అడుగుతున్నారు. విదేశాల్లో పెద్ద కమతాల్లో కంచె చూసుకోవడానికి, పశువుల దాణా మోయడానికి వాడతారు. మన పనికి అది చాలదు. వెనక మూడు పాయింట్ల లింకేజీ లేకపోతే కల్టివేటర్ ఎత్తి దించలేం. దాన్ని విప్పి సరిచేసే మెకానిక్ కోసం కూడా దూరం పోవాలి. అదే డబ్బుకు ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్ తీసుకుంటే ఒర్రెలు, గట్లు దాటుతుంది, దుక్కీ దున్నుతుంది.

కొనే కాలం

మే నెలలో, వానలు పడే ముందు కొనకండి. అందరికీ అవసరమైన కాలం అది, బేరం మన చేతిలో ఉండదు. వానాకాలం వడ్లు అమ్మాక, యాసంగి నాట్లు అయిపోయాక చూడండి. ఆ రోజుల్లో ఇంకో లాభం కూడా ఉంది. దమ్ములో నుంచి అప్పుడే బయటికి వచ్చిన బండికి ఇంకా మడ్డి వదలదు, కారేది కారుతూనే ఉంటుంది. రంగు వేసే తీరిక అమ్మేవాడికి ఉండదు.

పాత జీవితాన్ని చదవడం

మన దగ్గర అమ్మకానికి వచ్చే ట్రాక్టర్లు ఎక్కువగా మూడు రకాల పని చేసి ఉంటాయి. ఒక్కో పని బండిని ఒక్కో చోట అరగదీస్తుంది.

మొదటిది దమ్ము బండి. చెరువుల కింద, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కింద, ఏడాదికి రెండు పంటలు ఊరంతా కిరాయికి దమ్ము చేసిన బండి. దీని ఇంజిన్ బాగుండొచ్చు, కింది భాగమే ప్రమాదం. పైన చెప్పిన ఇరుసు సీళ్లు చూడండి. తర్వాత బండి కింద పడుకుని, ఇంజిన్‌కు గేరు డబ్బాకు మధ్య క్లచ్చు ఉండే డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అది వెతకండి. దమ్ములో దిగేటప్పుడు దాన్ని బిరడాతో మూయాలి, పని అయ్యాక తీయాలి. చాలామంది మూయరు. సన్నని తీగ పెట్టి కెలకండి. ఎండిన బురద రాలితే క్లచ్చు ప్లేటు దాకా మడ్డి వెళ్లింది. నూనె చుక్క పడితే ఇంజిన్ వెనక సీలో, గేరు డబ్బా ముందు సీలో పోయింది. రెండింట్లో ఏదైనా బండిని రెండు ముక్కలుగా విడదీయాల్సిన పనే. రిమ్ముల బోల్టు రంధ్రాలు కూడా చూడండి. కేజీ వీల్స్ (దమ్ముకు తగిలించే ఇనుప పంజరం చక్రాలు) పదే పదే బిగించి విప్పిన బండికి ఆ రంధ్రాలు గుండ్రంగా ఉండవు, కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటాయి.

రెండోది ట్రాలీ బండి. ఇసుక, ఇటుక, మొరం, పత్తి బోరాలు, వడ్ల బస్తాలు తోలినది. దీని హైడ్రాలిక్స్ (పనిముట్టును ఎత్తి దించే భాగం) కొత్తదానిలా పనిచేస్తాయి, అది చూసి మురిసిపోకండి. ట్రాలీ తగిలించే కొక్కెం దగ్గర పిన్ను రంధ్రం చూడండి. సాగిపోయి, పిన్ను వదులుగా ఊగుతుంటే ఏళ్ల తరబడి బరువు లాగింది. వెనక టైర్ల గీరలు నడుమ భాగంలో నున్నగా అరిగి అంచుల్లో మిగిలితే అది తారు రోడ్డు మీద అరుగుదల. ఇలాంటి బండికి క్లచ్చు, బ్రేకులు, ముందు ఇరుసు బుష్షులు మార్చాల్సి వస్తుందని లెక్క వేసుకునే బేరం మొదలుపెట్టండి.

మూడోది చెలకలో దుక్కి, రోటవేటర్ పని చేసిన బండి. నాకు నచ్చేది ఇదే. సీళ్లు, బ్రేకులు బాగుంటాయి. దీని శత్రువు దుమ్ము. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌లోకి పోయే రబ్బరు పైపు క్లిప్పు వదులు చేసి, పైపు లోపల వేలు తిప్పండి. లోపల శుభ్రంగా ఉండాలి. ఎర్ర దుమ్ము అంటిందంటే ఆ దుమ్మంతా పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీసింది. నేనైతే అక్కడే 'సరే అన్నా, మళ్లీ వస్తా' అని లేచి వచ్చేస్తాను.

గంటల మీటరు సంగతి. మీటరు కేబులు పీకేసి తిప్పడం తేలిక, కాబట్టి దాన్ని మాత్రమే నమ్మొద్దు. క్లచ్చు పెడల్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ పట్టుకునే చోటు, గేరు రాడ్డు గుండు, పీటీవో షాఫ్టు పళ్లు చూడండి. మీటరు పదిహేను వందల గంటలు చూపిస్తూ పెడల్ ఇనుము అద్దంలా మెరుస్తుంటే మీటరు అబద్ధం చెబుతోంది. నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఏపీ 36 అంటే పాత వరంగల్ జిల్లా, ఏపీ 15 అంటే కరీంనగర్. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. కాబట్టి ఏపీ 36, ఏపీ 15 నంబరు బండి 'ఎనిమిదేళ్లదే' అని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడే తప్పు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. నలభై హార్స్ పవర్ పైబడిన బండికి వెనక టైర్ల జత కొత్తగా వేయాలంటే నలభై, యాభై వేలు చేతిలో ఉండాలి. ఆ డబ్బు బేరంలోనే తగ్గించండి.

పొద్దున్నే, చల్లని ఇంజిన్ మీద

ముందు రోజు ఫోన్ చేసి 'నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి' అని చెప్పండి. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండండి. వెళ్లగానే రేడియేటర్ మీద, ఇంజిన్ బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేశారు. ఎందుకు చేశారో అడగండి, జవాబు సూటిగా రాకపోతే ఇంకో రోజు రండి.

స్టార్ట్ చేయకముందు మూడు చూడాలి. డిప్ స్టిక్ తీసి నూనెను రెండు వేళ్ల మధ్య రుద్దండి. నల్లగా ఉండటం తప్పు కాదు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి, ఇసుకలా గరుకు తగిలితే లోపల ఏదో అరుగుతోంది. రేడియేటర్ మూత తీయండి, నీళ్ల మీద నూనె తెట్టు ఉండకూడదు. ఇంజిన్ వేడెక్కాక మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. మూడోది, బండి కింద నేల. రాత్రంతా నిలిపిన చోట నూనె చుక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. చలికాలం పొద్దున కాసేపు తెల్ల పొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే డీజిల్ సరిగ్గా మండటం లేదు, లేదంటే నీళ్లు పోతున్నాయి. నల్ల పొగ అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఇంజెక్టర్లు, పంపు, ఎయిర్ క్లీనర్ చూపించుకుంటే సరిపోవచ్చు. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, అది పెద్ద ఖర్చు.

పది నిమిషాలు నడిచాక ఇంజిన్ పైన ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టండి. కొంచెం వణకడం సహజం. ఎగిరి పక్కకు పడిపోతుంటే, బుసబుస పొగ వస్తుంటే రింగులు అరిగాయి, ఇంజిన్ పని దగ్గర్లోనే ఉంది. నాకు ఈ పరీక్ష నేర్పింది నర్సంపేటలో ఒక పెద్ద మెకానిక్. 'తమ్మీ, పొగ గొట్టానికి మందు వేసి దాచొచ్చు గానీ ఈ మూతను దాచలేరు' అన్నాడు. చిక్కటి నూనె పోసి పొగ కనపడకుండా చేసి అమ్మే వాళ్లున్నారు కాబట్టి ఆయన మాట నిజం.

నడిపి చూడటం

ఖాళీ బండిని రోడ్డు మీద నడిపితే ఏమీ తెలియదు. వీలైతే మీరే, లేదంటే మీ నమ్మకమైన డ్రైవర్ పొలంలో నడపాలి.

క్లచ్చుకు: ఎదుట ఎవరూ లేని చోట, బ్రేకులు గట్టిగా పట్టి, పెద్ద గేరులో మెల్లగా క్లచ్చు వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటుంటే క్లచ్చు జారుతోంది.

గేర్లకు: ఖాళీ బండిని, పక్కన ఎవరినీ ఎక్కించుకోకుండా, చెరువు కట్ట మీదికి పోయే వెడల్పాటి ఏటవాలు దారికి తీసుకెళ్లండి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగుతూ యాక్సిలరేటర్ తగ్గించండి. గేరు దానంతటదే న్యూట్రల్‌లో పడితే గేరు డబ్బా విప్పాల్సిందే. అలా పడితే కంగారుపడి గేరు వెతకొద్దు, ముందు బ్రేకు పట్టండి. అందుకే బ్రేకులు సమతలంలో పరీక్షించాకే కట్ట ఎక్కాలి. రెండు బ్రేకు పెడళ్లు కలిపి తొక్కితే బండి ఒక పక్కకు లాగకూడదు.

హైడ్రాలిక్స్‌కు: కల్టివేటరో రోటవేటరో తగిలించి పూర్తిగా ఎత్తి ఇంజిన్ ఆపండి. పనిముట్టు కొన పక్కనే నేలలో ఒక కట్టె పాతి గుర్తు పెట్టుకుని, చాయ తాగి రండి. పదిహేను నిమిషాల్లో వేలెడు దిగితే ఫరవాలేదు. నేల తాకితే సిలిండర్ సీళ్లో, వాల్వో పోయాయి. ఎత్తి ఉన్న పనిముట్టు కిందికి తల, చేతులు ఎట్టి పరిస్థితుల్లో పెట్టవద్దు. పీటీవో తిప్పేటప్పుడు తువ్వాలు, చీర కొంగు, లుంగీ దగ్గరికి రానీయకండి.

ముందు చక్రాలకు: జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్ టక్ మంటే కింగ్ పిన్నో, హబ్ బేరింగులో అరిగాయి. ఇది మరీ పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది.

ఫోర్ వీల్ బండి అయితే మెత్తటి దుక్కిలో వేసి చూడండి, తారు రోడ్డు మీద కాదు. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిప్పితే లోపలి గేర్ల మీద వృథాగా భారం పడుతుంది. ముందు టైర్లు కంపెనీ ఇచ్చిన సైజే ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. ముందు వెనక చక్రాల మధ్య లెక్క ఉంటుంది. అగ్గువకు దొరికిందని వేరే సైజు వేస్తే ముందు డ్రైవ్ విరుగుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మనసు ఆగకపోతే మీకు తెలిసిన మెకానిక్‌కు ఆ రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి. అమ్మేవాళ్ల మెకానిక్ మాట వినొద్దు.

కాగితాలు

బయానా ఇచ్చే ముందే ఆర్‌సీ ఒరిజినల్ చూడండి. చాసిస్ నంబరు బండి మీద ఉన్నదాన్ని గుడ్డతో తుడిచి, ఒక్కో అంకె ఆర్‌సీతో పోల్చండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో వస్తుంది. ఫైనాన్స్ చూపిస్తే 'కట్టేశాం, కాగితం వస్తుంది' అన్న మాట మీద డబ్బు ఇవ్వకండి. బ్యాంకు లేదా ఫైనాన్స్ వాళ్లు అప్పు తీరిందని సంతకం పెట్టిన ఫారం 35, ఎన్‌వోసీ చేతికి వచ్చాకే మిగతా మొత్తం.

మన దగ్గర ఎక్కువ గొడవ ఎక్కడంటే, బండి నాలుగు చేతులు మారుతుంది గానీ ఆర్‌సీ మొదటి యజమాని పేరు మీదే ఉంటుంది. ఆయన చనిపోతే వారసుల సంతకాలు కావాలి. కాబట్టి ఆర్‌సీలో పేరున్న మనిషి ఎదుట కూర్చుని పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాలి. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదికి 14 రోజుల్లో మార్చుకోండి. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని కాగితం విడిగా అడగండి. బండికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందా చూడండి. సబ్సిడీ మీద వచ్చిన బండి అంటే, అమ్మడానికి షరతులేమైనా ఉన్నాయేమో మండల వ్యవసాయ అధికారి దగ్గర కనుక్కోండి.

ట్రాలీలో కూలీలను ఎక్కించుకుపోవడం గురించి ఒక్క మాట. 2018లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి ఎందరో ఆడవాళ్లు చనిపోయారు. ట్రాలీ సరుకు కోసం. మనుషులకు ఆటో మాట్లాడండి.

అడవి అంచు ఊళ్ల వాళ్లకు

ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం, పాకాల వైపు రైతులకు మక్క చేను అడవి పందుల నుంచి కాపాడుకోవడమే సగం పని. రాత్రి కాపలాకు ట్రాక్టర్ తీసుకెళ్లేవాళ్లు లైట్లు, బ్యాటరీ, ఆల్టర్నేటర్ జాగ్రత్తగా చూడండి. లైట్లన్నీ వేసి పది నిమిషాలు ఉంచి, ఇంజిన్ ఆపి, మళ్లీ సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకోవాలి. చీకట్లో అడవి పక్కన బండి ఆగిపోతే తోయడానికి ఎవరూ ఉండరు.

వేటకు పనికొస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే, ఆ ఆలోచన వదిలేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. నేరానికి వాడి పట్టుబడ్డ బండి ప్రభుత్వ ఆస్తి అవుతుందని ఆ చట్టమే చెబుతోంది. అప్పు చేసి కొన్న ట్రాక్టర్ ఒక్క రాత్రిలో పోతుంది. కరెంటు తీగలు అసలే పెట్టకండి. పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు, పొద్దున నీళ్లు పెట్టడానికి వచ్చిన సొంత కొడుకు చనిపోయిన ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. పంట పాడైతే ఆ రోజే ఫొటోలు తీసి అటవీ బీట్ ఆఫీసర్‌కు చెప్పి పరిహారానికి దరఖాస్తు పెట్టండి.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజే పనికి పంపకండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్లు మార్చండి, ఎయిర్ క్లీనర్ విప్పి శుభ్రం చేయండి, గ్రీజు నిప్పుళ్లన్నిటికీ గ్రీజు కొట్టండి. గేరు డబ్బా నూనె మాత్రం పారబోయకుండా తెల్లటి బకెట్‌లోకి దించి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున నూనె పైన తేలి, నీళ్లుంటే అడుగున చేరతాయి. పైన తేలిన నూనెను మెల్లగా వంపేసి, అడుగున మిగిలిన మడ్డిలో పాత స్పీకర్ అయస్కాంతం తిప్పండి. సన్నటి బూడిదలాంటి ఇనుప పొడి అంటితే అది వయసుకు వచ్చే అరుగుదల, కొత్త నూనె పోసి దున్నుకోండి. గోరంత ఇనుప పెచ్చులు అంటితే దుక్కికి పంపకముందే మెకానిక్‌ను పిలవండి, ఆ పెచ్చులు పారేయకుండా ఆయనకు చూపించండి. అవి ఏ పంటివో, ఏ బేరింగువో చూసి చెబుతాడు.